ఐరా హేస్: 2,000 కిలోమీటర్లు మోసిన ఒక పేరు

ఇవో జిమా జపాన్‌కు చెందిన చిన్న దీవి. అప్పట్లో మొత్తం కలిపి 21 చదరపు కిలోమీటర్లే. 1945 ఫిబ్రవరి 19న అమెరికా మెరైన్ సైనికులు అక్కడ దిగారు. 36 రోజుల పోరులో దాదాపు 6,800 మంది అమెరికన్లు ప్రాణాలు కోల్పోయారు. జపాన్ వైపు ఉన్న సుమారు 21 వేల మందిలో బతికి బయటపడింది కొద్దిమందే.

ఫిబ్రవరి 23న సురిబాచి కొండ మీద ఆరుగురు సైనికులు జెండా ఎత్తుతుండగా జో రోసెంతాల్ ఫొటో తీశారు. ఆ ఆరుగురిలో ఒకడు ఐరా హేస్. అరిజోనాలో పీమా తెగలో 1923లో పుట్టాడు. పైన వచ్చి స్థిరపడ్డ తెల్లవాళ్లు గీలా నది నీళ్లు మళ్లించుకోవడంతో ఆ తెగ పొలాలు ఎండిపోయాయి. ఇంకో మాట, హేస్ దేశం కోసం జెండా ఎత్తిన నాటికి అరిజోనాలో అతని వాళ్లకు ఓటు కూడా లేదు. అది 1948లో గానీ రాలేదు.

ఫొటోలోని ముగ్గురు ఆ దీవిలోనే చనిపోయారు. మిగిలినవాళ్లంటూ ముగ్గురిని యుద్ధ బాండ్లు అమ్మడానికి ఊరూరా తిప్పారు. బాండు అంటే జనం సర్కారుకిచ్చే అప్పే కదా. ఆ విడతలో 1,400 కోట్ల డాలర్లు అడిగితే 2,600 కోట్లు దాటి వచ్చాయి. హేస్‌కు మాత్రం ఈ ఊరేగింపు అస్సలు నచ్చలేదు. దోస్తులు మట్టిలో ఉంటే తనకు దండలేమిటన్నది అతని బాధ. తాగుడు మొదలైంది, మధ్యలోనే వెనక్కి పంపేశారు.

అతన్ని తొలిచేసిన సంగతి మరొకటుంది. ఫొటోలో కింద వంగి కర్ర పాతుతున్న హార్లన్ బ్లాక్ పేరు బదులు అధికారులు ఇంకొకరి పేరు ప్రకటించారు. తప్పని హేస్ చెప్పినా, పేర్లు బయటికి వెళ్లిపోయాయి, నోరు మూసుకోమన్నారు. బ్లాక్ అప్పటికే చనిపోయాడు. ఆ నిజం హేస్ దగ్గర అమానత్‌లా ఉండిపోయింది. 1946లో సైన్యం నుంచి బయటికొచ్చాక, కాస్త నడిచి, కాస్త దారిన పోయే బండ్లు ఆపి ఎక్కి, 2,000 కిలోమీటర్ల దూరంలో టెక్సాస్‌లో ఉన్న బ్లాక్ తండ్రి పొలానికి వెళ్లి చెప్పేసి వచ్చాడు. వెనక నుంచే కనబడే ఆ కుర్రాడు తన బిడ్డేనని తల్లి మొదటి నుంచీ అంటూనే ఉంది. 1947లో మెరైన్ దళం పేరు సరిచేసింది.

అంత చేసినవాడు తన బతుకు మాత్రం సరిచేసుకోలేకపోయాడు. పత్తి ఏరే కూలిపనికి వెళ్లాడు. తాగి చాలాసార్లు అరెస్టయ్యాడు. 1954 నవంబరు 10న అదే ఫొటోను కంచు విగ్రహంగా ఆవిష్కరిస్తే అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌తో పాటు అక్కడున్నాడు. రెండున్నర నెలలకు, 1955 జనవరి 24న, సొంతూరి దగ్గర చలిలో శవమై కనిపించాడు. వయసు 32.

2016లో, మళ్లీ 2019లో మెరైన్ దళం ఆ ఫొటోను పరిశీలించింది. బాండ్ల కోసం తిప్పిన ముగ్గురిలో ఇద్దరు అసలు అందులో లేరని తేలింది. ఉన్నది హేస్ ఒక్కడే.