బొమ్మలు గీసిన విమాన వీరుడు ఇంద్రలాల్ రాయ్

విమానం బొమ్మ వేయమంటే మనం ఒక జత రెక్కలే వేస్తాం. ఇంద్రలాల్ రాయ్ కాలంలో యుద్ధ విమానాలకు ఎక్కువగా రెండు జతలు ఉండేవి, ఒకదాని మీద ఒకటి. మధ్యలో నిలువు కర్రలు, ఏటవాలుగా బిగించిన తీగలు. కర్ర చట్రం, దాని మీద గుడ్డ. అంతే! వాటిని బైప్లేన్లు అనేవారు.

ఇంద్రలాల్ 1898 డిసెంబరు 2న కలకత్తాలో జన్మించాడు. తండ్రి బారిస్టరు. చదువు లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో సాగింది. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ వారి రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరబోతే కంటిచూపు బాగాలేదని తిప్పి పంపేశారు. ఊరుకున్నాడా? తన మోటారు సైకిల్ అమ్మేసి, ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరు దగ్గర మళ్ళీ పరీక్ష చేయించుకున్నాడు. ఈసారి పాసయ్యాడు! 1917లో చేరేనాటికి అతని వయసు 18. అంటే ఇంటర్ చదివే మన అన్నల ఈడే.

మనల్ని ఏలిన తెల్లవాళ్ళ కోసం ఎందుకు పోరాడాడని మా రూమ్‌లో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ యుద్ధానికి 10 లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్ళారు. ఒక్కొక్కరి కారణం ఒక్కోటి అయ్యుంటుంది.

1917 డిసెంబరు 6న ఇంద్రలాల్ నడుపుతున్న ఎస్.ఇ.5ఎ విమానం ఫ్రాన్సులో కూలిపోయింది. చనిపోయాడనుకొని శవాల గదిలో పడుకోబెట్టారట. తెలివొచ్చి తలుపు దబదబా బాదితే, కాపలావాడు దడుచుకొని వెంటనే తీయలేదని చెప్తారు.

ప్రాణం దక్కింది గానీ ఇక ఎగరడానికి పనికిరావన్నారు. కోలుకుంటున్న ఆ రోజుల్లో ఊరికే కూర్చోకుండా విమానాల బొమ్మలు గీశాడు. ఒకటీ రెండూ కాదు, చాలా. వాటిలో ఎన్నో ఇప్పటికీ ఉన్నాయి. అతని కథలో నాకు బాగా నచ్చింది ఇదే. చేతికి విమానం ఇవ్వకపోతే కాగితం మీదైనా దాన్ని వదల్లేదు.

చివరికి పట్టుబట్టి 1918 జూన్‌లో మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు, 40వ స్క్వాడ్రన్‌లో. జూలై 6 నుంచి 19 దాకా, 13 రోజుల్లో 10 శత్రు విమానాలు అతని లెక్కకెక్కాయి. కొన్ని తోటివాళ్ళతో కలిసి కొట్టినవి. కూలిన వాటిలోనూ ఇతని ఈడు వాళ్ళే ఉండి ఉంటారు కదా, అది చదువుతుంటే నాకు సంతోషం సగమే కలిగింది.

జూలై 22న కార్వాన్ అనే ఊరి మీద జర్మన్ ఫోకర్ విమానాలతో జరిగిన పోరులో ఇంద్రలాల్ కూలిపోయాడు. 20 ఏళ్ళు కూడా నిండలేదు. చనిపోయాక డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ఇచ్చారు. సమాధి ఫ్రాన్సులోని ఎస్తెవెల్ గ్రామంలో ఉంది. అతని మేనల్లుడు సుబ్రతో ముఖర్జీ 1954లో మన వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి అయ్యాడు. 1998లో ఇంద్రలాల్ పేర మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

పక్కనున్న ఎస్.ఇ.5ఎ బొమ్మ నేను వేసిందే. రెక్కల మధ్య తీగలు కొన్ని తగ్గాయి, స్కెచ్ పెన్ అయిపోయింది.