వూక్ కరాజిచ్ చరిత్రము

ప్రజల మేలు కోరి వ్రాసిన గ్రంథము ప్రజలకే బోధపడనిచో, అది కుండలో నుంచిన దీపమువలె నిష్ప్రయోజనమగును. ఈ సత్యమును యూరోపుఖండమందలి సెర్బియాదేశమున నెలకొల్పుటకై జన్మమంతయు పాటుపడిన వూక్ కరాజిచ్ చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఈయన 1787వ సంవత్సరమున తర్షిచ్ అను పల్లెలో నొక కాపుకుటుంబమునందు జన్మించెను. దేశమప్పుడు తురుష్కుల యేలుబడిలో నుండెను. బంధువొకడు అక్షరములు నేర్పగా, వూక్ తుపాకిమందును నీట కలిపి సిరాగా చేసికొని, రెల్లుకలముతో తూటాలు చుట్టిన కాగితములపై వ్రాసికొనెను. 1808లో దొసితేయ్ ఒబ్రదోవిచ్ అను విద్యాగురువు బెల్‌గ్రేడునందు పెద్దపాఠశాలను స్థాపింపగా అందు చేరెను. వ్యాధివలన కాలొకటి చెడుటచే తుదివరకును ఊతకఱ్ఱయే ఆధారమయ్యెను.

తురుష్కులపై సెర్బులు చేసిన తిరుగుబాటు 1813లో అణగిపోగా, వూక్ వియన్నా చేరెను. అచ్చట కోపితార్ అను పండితుడు ఆయనను ప్రోత్సహించెను. అప్పటి సెర్బు పండితులు మతగ్రంథముల ప్రాచీనభాషను కలిపి వ్రాయుచుండిరి; అది దున్నువానికిని వంటయింటి యిల్లాలికిని తెలియదు. వూక్ పామరుల పాటలను సేకరించి 1814లో ప్రకటించెను. ఆ యేడే వ్యాకరణము వ్రాసెను. 1818లో ఇరువదియాఱువేలకు మించిన పదములతో నిఘంటువును వెలువరించెను. పలుకునట్లే వ్రాయవలెనని, ధ్వని కొక్క యక్షరము చొప్పున ముప్పది యక్షరములను నిర్ణయించెను.

అందొక యక్షరమును లాటిను లిపినుండి గ్రహించుటచే, పరమతము చొచ్చుచున్నదని మతాధికారులు కోపించిరి. 1832లో సెర్బియా ప్రభువగు మీలోష్ ఆ లిపిపద్ధతిని నిషేధించెను. ఇంట దారిద్ర్యము, బిడ్డలలో పెక్కుమంది తండ్రి కన్నులయెదుటనే గతించిరి. అయినను ఆయన కలము విడువలేదు. 1847లో క్రైస్తవుల క్రొత్తనిబంధనను సైతము జనులభాషలో నచ్చొత్తించెను. 1864లో వియన్నాయందే మరణించెను. నిషేధములలో కడపటిది తొలగుట 1868లో గాని జరుగలేదు. తాను నాటిన చెట్టు ఫలమును ఆయన రుచిచూడలేదు.

1897లో ఆయన యస్థికలను బెల్‌గ్రేడునకు తెచ్చి, ప్రధానదేవాలయపు ముంగిట దొసితేయ్ సమాధిచెంత నుంచిరి. ఒకనాడు ఆయనను నిందించిన మతసంఘపు వాకిటనే ఆయనకు గౌరవస్థానము లభించినది! పెద్దపాఠశాల నడచిన తురుష్కులనాటి చిన్న మేడను 1949లో ఈ గురుశిష్యుల స్మారకముగా ప్రదర్శనశాలను చేసిరి.

సోదరులారా, ఫలము తన కన్నులబడునా యని యోచింపక, చేయుచున్న పని సత్యమగునా కాదాయని మాత్రమే విచారించువాడే ధన్యుడని మేము తలంచుచున్నాము.