గుంటూరు కుగ్లర్ దొరసాని

మన పర్చూరు ప్రాంతంలో గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని పెద్దలు అరుదు. ఆ పేరుకూ పరదాలో ఉన్న మన ఆడవాళ్ళకూ గల సంబంధం మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఆ డాక్టరమ్మ జీవితాన్ని నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాము.

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించారు. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. కాని మిషన్ వారు ఆమెను వైద్యం కోసం పంపలేదు. ముస్లిం బాలికల బడి, జనానా ఇళ్ళలో స్త్రీలకు చదువు చెప్పే పని అప్పగించారు.

ఆ రోజుల్లో మగ డాక్టరు ముందుకు రావడం పరదా స్త్రీలకు జరగని పని. కాన్పు కష్టమైతే మంత్రసానే దిక్కు, ఆపైన దైవమే దిక్కు. పాఠం చెప్పడానికి వెళ్ళిన ఇళ్ళలోనే ఆమె రోగుల్ని చూడసాగారు. మొదటి ఏడాదే వందలమంది ఆమె దగ్గర మందు పుచ్చుకున్నారు. అవసరం కళ్ళకు కట్టాక, 1885లో మిషన్ వారు ఆమెను వైద్యురాలిగానే నియమించారు.

ఒక్క డాక్టరు ఇల్లిల్లూ తిరిగితే ఎందరిని బతికించగలదు? సెలవుపై స్వదేశం వెళ్ళినప్పుడు ఆమె ఆసుపత్రికి విరాళాలు పోగుచేశారు. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరుచుకుంది. డాక్టరు చూసి వెళ్ళాక రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సు గనుక, కేథరీన్ ఫాస్ అనే నర్సు తోడ్పాటుతో ఇక్కడి ఆడపిల్లలకే ఆ పని నేర్పించారు. రోగి వెంట వచ్చినవారు తలదాచుకునేందుకు ఏలూరు రాజా భుజంగరావుగారు ఎదురుగా సత్రం కట్టించారు. ఆమె సహచరి డాక్టర్ మేరీ బేర్ మన పొరుగున చీరాలలో ఆసుపత్రి నడిపారు.

ప్రభుత్వం 1905లో కైసరే హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలైలో తన ఆసుపత్రిలోనే ఆమె కన్నుమూశారు. తరువాత ఆ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

ఇక మన సంగతి. కాన్పుకు లేడీ డాక్టరే కావాలని అందరం పట్టుబడతాం. అదే మన పిల్ల నర్సింగు చదువుతానంటే ఇంట్లో వద్దంటాం. రెండూ ఎలా కుదురుతాయి? సముద్రాలు దాటి ఒక దొరసాని వచ్చి మన తల్లులకు పురుడు పోసింది. ఇప్పుడు ఆ పనికి మన ఇంటి గడప దాటితే చాలు. పిల్లల్ని దాటనిద్దాం.