బ్రామా ప్రెస్సు వెనుక మనుషులు



హైస్కూలు ఫిజిక్స్‌లో బ్రామా ప్రెస్సు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నామే గానీ, ఆ బ్రామా ఎవరో మేము ఏనాడూ అడగలేదు. సెలవుల్లో పనికి వెళ్లిన షెడ్డులో ఒక కారుకు మరింత గట్టి క్లచ్ సెట్టు వేస్తుంటే ఆయన గుర్తుకొచ్చారు.

జోసెఫ్ బ్రామా 1748లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, స్టెయిన్‌బరో అనే పల్లెలో రైతు ఇంట జన్మించారు. పదహారో ఏట కాలికి దెబ్బ తగిలి పొలం పని చేయలేకపోయారు. వడ్రంగం నేర్చుకుని లండన్ చేరారు. 1784లో దొంగతాళం చెవులకు లొంగని తాళానికి పేటెంటు పొందారు. తర్వాత 200 గినీల బహుమతితో పందెం పెట్టిన ఆయన తాళాన్ని 1851 దాకా ఎవరూ తీయలేకపోయారు.

1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందారు. మూసివున్న ద్రవంపై ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందన్నది పాస్కల్ సూత్రం. కానీ పిస్టన్ పక్కనుంచి నీరు కారిపోతే ఏ సూత్రమూ పనిచేయదు. బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్‌స్లే అక్కడ గిన్నెలాంటి తోలు వాషరు అమర్చారని చెబుతారు. ఒత్తిడి పెరిగేకొద్దీ దాని అంచు మరింత బిగుసుకుంటుంది.

అలాంటి పనివాడు వారానికి 30 షిల్లింగుల కూలిని పెంచమంటే బ్రామా కాదన్నారు. 1797లో మాడ్‌స్లే బయటికొచ్చి, సొంత కార్ఖానా పెట్టి, గొప్ప యంత్రనిర్మాత అయ్యారు. బ్రామా 1814లో కన్నుమూశారు.

షెడ్డులో చూసిందీ అదే సూత్రం. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిల్ పైపు గుండా వెళ్లి స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను తోస్తుంది, క్లచ్ విడుతుంది. ఆ కారులో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు మూతి లోపలే ఉంది. గట్టి ప్రెషర్ ప్లేటు వేస్తే ఆయిల్‌పై ఒత్తిడి పెరుగుతుంది. పాత రబ్బరు సీలు కారితే గేర్‌బాక్సు మళ్లీ దించాల్సిందే. అందుకే మేస్త్రీ సిలిండర్ కూడా కొత్తది వేశాడు. మాలో ఒకడు పెడల్ తొక్కుతుంటే, పైపులో గాలి పూర్తిగా పోయేదాకా ఆయిల్ వదిలాడు.

మిత్రులారా! మా ఇళ్లలో మేమే మొదటి డిగ్రీవాళ్లం. బ్రామాలా కష్టపడి పైకి రావాలి. వచ్చాక మన దగ్గర పనిచేసే మనిషి కూలి పెంచమంటే మాత్రం బ్రామాలా కాదనకూడదు. ఈసారి బొమ్మ గీసేటప్పుడు పిస్టన్ పక్కన ఆ తోలు వాషరును కూడా గీయండి.