పోపుగారిని ఆపిన గురువు

టెలిస్కోపు నుంచి ఏ కొత్త వార్త వచ్చినా మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది: ఆదికాండము నిజమని సైన్సు ఒప్పుకుంది అని. కొన్నాళ్లకు దానికి ఎదురు వార్త వస్తే మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని గమనించేది వెనుక బల్లమీద కూర్చున్న ఫిజిక్సు విద్యార్థి ఒక్కడే. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి తొలి రూపమిచ్చిన వ్యక్తి ఒక కథోలిక గురువు. అయినా అలాంటి సందేశాన్ని పంపడానికి ఆయన ఒప్పుకునేవారు కాదు.

జార్జ్ లెమెత్ర్ 1894లో బెల్జియంలోని షార్లెరువాలో పుట్టారు. ఇంజనీరింగ్ చదువుతుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరి పోరాడి, శౌర్య పతకం అందుకున్నారు. తిరిగొచ్చాక గణితం, భౌతికశాస్త్రం పట్టి, 1920లో డాక్టరేటు పూర్తిచేసి సెమినరీలో చేరారు. అక్కడే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని సొంతంగా చదువుకున్నారు. సెమినరీలో హెబ్రీ వ్యాకరణంతోనే సరిపోయిన మాలాంటి వారికి ఇది ఆశ్చర్యమే! 1923లో గురువుగా అభిషేకం పొంది, పై చదువులకు కేంబ్రిడ్జి, అమెరికా వెళ్లి వచ్చి, లువేన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యారు.

విశ్వం నిలకడగా లేదనీ, వ్యాపిస్తోందనీ, ఎంత దూరపు గెలాక్సీ అంత వేగంగా మననుంచి దూరమవుతోందనీ 1927లో ఆయన రాశారు. ఫ్రెంచిలో, బ్రస్సెల్స్‌లో అచ్చయిన ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఆ ఏడాదే ఐన్‌స్టీన్ ఆయన లెక్క తప్పులేదంటూనే భావాన్ని తోసిపుచ్చారు. రెండేళ్లకు హబుల్ పరిశీలనలు వచ్చాయి. ఆ నియమానికి హబుల్ పేరుతోపాటు లెమెత్ర్ పేరు కూడా చేర్చాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ్యులు 2018లో ఓటు వేశారు.

వ్యాపించేదాన్ని వెనక్కి నడిపిస్తే ఎక్కడికి చేరతాం? అంతా ఒకే ఆదిమ పరమాణువులో ఉండేదని 1931లో ‘నేచర్’ పత్రికకు చిన్న వ్యాసం పంపారు. దాని చివర దేవుడు మరుగైయున్నవాడని చెప్పే వాక్యం ఒకటి టైపు చేసి, పంపేముందు కొట్టేశారు. యెషయా 45వ అధ్యాయం తెలిసిన ఎవరికైనా అది మంచి వాక్యమే. కానీ దాని చోటు అది కాదనుకున్నారు.

అయినా అనుమానం తప్పలేదు. గురువు గనుక సృష్టివాదాన్ని దొడ్డిదారిన తెస్తున్నాడని కొందరు శాస్త్రవేత్తలు శంకించారు. ఇంతలో 1951 నవంబరులో పోపు పన్నెండవ పయస్, ఆధునిక విజ్ఞానం ఆది వెలుగుకు సాక్ష్యమిస్తోందన్నట్టుగా ప్రసంగించారు. మరొకరైతే పొంగిపోయేవారు. లెమెత్ర్ కలత చెందారు. విశ్వానికి ఆరంభమే లేదనే ఫ్రెడ్ హోయిల్ వంటివారి సిద్ధాంతం అప్పటికి గట్టిగా నిలిచే ఉంది. రేపు అదే గెలిస్తే విశ్వాసం ఏం కావాలి? అంతకన్నా లోతైన మాట, సృష్టికర్త మొదటి క్షణానికి మాత్రమే కాదు, ప్రతి క్షణానికీ ఆధారం. సమీకరణంలో మొదటి బిందువు దొరికినంత మాత్రాన ఆయన దొరికినట్టు కాదు. 1952లో రోమ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుల సభకు ముందు ఆయన అక్కడికి వెళ్లి, పోపుగారి శాస్త్ర సలహాదారుతో మాట్లాడారు. ఆ సభలో పోపు ఆ పోలిక మళ్లీ ఎత్తలేదు. పై అధికారికి, అదీ తన పక్షాన మాట్లాడుతున్నవారికి, వద్దని చెప్పించడానికి ఎంత నిబ్బరం కావాలో సంఘాల్లో పనిచేసే మాకు తెలుసు.

ఆయన విడిచిపెట్టని ప్రశ్న ఒకటుంది. ఐన్‌స్టీన్ తన సమీకరణంలోంచి తీసేసిన విశ్వ స్థిరాంకాన్ని లెమెత్ర్ పట్టుకునే ఉన్నారు, శూన్యానికి కూడా శక్తి ఉంటుందన్న ఆలోచనతో దాన్ని ముడిపెట్టారు. విశ్వవ్యాప్తి వేగం పెరుగుతోందని 1998లో తేలాక అది మళ్లీ సమీకరణంలోకి వచ్చింది. విశ్వంలో సుమారు 68 శాతం డార్క్ ఎనర్జీ అంటున్నారు గానీ, అదేమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మొట్టమొదటి క్షణంలో ఏం జరిగిందో చెప్పాలంటే గురుత్వాకర్షణనూ క్వాంటం సిద్ధాంతాన్నీ కలపాలి. అదీ ఇంకా జరగలేదు.

1964 చివర్లో ఆయనకు గుండెపోటు వచ్చింది. 1966 జూన్‌లో ఆసుపత్రి మంచం మీద ఉండగా సహచరుడు ఓడోన్ గోడార్ ఒక వార్త తెచ్చారు. ఆకాశమంతటా పరచుకున్న ఆదిమ వికిరణాన్ని అమెరికాలో పెన్జియాస్, విల్సన్ కనుగొన్నారని. కొద్ది రోజులకే, జూన్ 20న, ఆయన కన్నుమూశారు.