రద్దీ వేళకు వెల కట్టిన విలియం విక్రీ

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగునప్పుడు మన మన రాశులకు ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరము చెవియొగ్గి విందుము. ఈ సంచికలో మేము పరిచయము చేయదలచిన పెద్దమనిషి జీవితమంతయు ఈ నాలుగు అంకెలలోనే ఇమిడియున్నది. ఆయన మనవారు కారు. మన నేతపేటల పేరైనను ఆయన వినియుండరు. అయినను పండుగ పబ్బములకు హైదరాబాదు బాటన స్వగ్రామములకు పోయివచ్చు షోలాపూరు తెలుగు కుటుంబములకు, ప్రొద్దుననే అక్కలకోట రోడ్డు కార్ఖానాలకు సైకిలు తొక్కు మన నేత కార్మికులకు, బీడీలు అప్పగించుటకు బ్రాంచికి పోవు మన ఆడపడుచులకు ఆయన ఆలోచనతో పని యున్నది. కావుననే ఈ చరిత్రము.

ఆయన పేరు విలియం స్పెన్సర్ విక్రీ. మరాఠీ వినుటకు అలవాటుపడిన మన చెవికి విక్రీ యనగా అమ్మకము. ఆ పేరును బట్టి ఈయన రోడ్లను అమ్మజూపిన వ్యాపారి కాబోలునని ఎవరైనను తలంచిన తప్పు లేదు. ఆయన జీవితకాలములో అనేకులు అట్లే తలంచిరి గూడ. నిజమునకు ఆయన కోరినది అమ్మకము కాదు, పంపకము.

విక్రీ 1914 జూన్ 21 వ తేదీన కెనడా దేశమునందలి విక్టోరియా నగరమున జన్మించిరి. 1935 లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున గణితమునందు పట్టభద్రులైరి. పిమ్మట న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమభ్యసించి 1937 లో ఎం.ఏ. పట్టమును, 1948 లో డాక్టరేటును పొందిరి. జీవితాంతము ఆ విశ్వవిద్యాలయమునే అంటిపెట్టుకొని యుండిరి. ఆయన క్వేకరు మతశాఖకు చెందినవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆయుధము పట్టుటకు మనస్సాక్షి యొప్పుకొనదని చెప్పి, యుద్ధమునకు బదులు పౌరసేవ చేసినవారు. పన్నుల భారము శక్తిని బట్టి ఉండవలెనను విషయమున 1947 లోనే పెద్ద గ్రంథమును ప్రచురించిరి. యుద్ధానంతరము జపాను దేశపు పన్నుల విధానమును సంస్కరింప బోయిన షౌప్ బృందములో ఆయన యొకరు. రైలు దిగి చక్రముల బూట్లతో విశ్వవిద్యాలయమునకు పోవుచుండెడివారనియు, సభలలో నిద్రించుచున్నట్లే కనిపించి హఠాత్తుగా కన్ను తెరచి అసలు ప్రశ్న నడిగెడివారనియు తోడి అధ్యాపకులు చెప్పుకొనెడివారు.

ఆయన పట్టుకొన్న సమస్య మన నేతవారికి సులభముగా బోధపడునట్టిది. మగ్గపు అచ్చులో పట్టదగినన్ని పోగులే పట్టును. కొలతకు మించి దూర్చినచో పోగులు ఒకదానినొకటి ఒరసికొని తెగును. నేత సాగదు. రహదారి గుణమును అట్టిదే. గంటకు ఇన్ని బండ్లని ఒక మితి వరకు అది మోయును. మితి దాటిన పిమ్మట బండి చేరిన కొలది వేగము తగ్గి, గంటకు దాటు బండ్ల సంఖ్యయే పడిపోవును. చివర వచ్చి చేరినవాడు తన ఆలస్యము నెరుగును గాని, తన వెనుకనున్న వారందరికి తాను కలిగించిన ఆలస్యము నెరుగడు. తన వ్యయము మాత్రమే లెక్కించుకొనును. పరుల వ్యయము ఆతని పంచాంగములో లేదు. ఆ వ్యయమును గూడ ఆతని లెక్కలో చేర్చినచో, తప్పనిసరి పని గలవాడు పోవును, పని వాయిదా వేయగలవాడు వేరొక వేళ పోవును, లేదా పొరుగువానితో కలిసి పోవును. కేంబ్రిడ్జి ఆచార్యులు పిగూ 1920 లో ప్రచురించిన గ్రంథమున రెండు బాటల ఉదాహరణముతో ఈ సంగతిని సూచించియుండిరి. ఆ సూచనను లెక్కగాను, లెక్కను యంత్రముగాను మార్చుటకు పూనుకొన్నవారు విక్రీ.

1951-52 ప్రాంతమున న్యూయార్కు నగరాధికారులు తమ భూగర్భ రైళ్ల చార్జీలను పరిశీలింపుమని ఆయనను కోరిరి. అప్పుడు ఎంత దూరము పోయినను, ఏ వేళ పోయినను చార్జీ 10 సెంట్లే. ఉదయము, సాయంకాలము కిక్కిరిసిన పెట్టెలు, మధ్యాహ్నము ఖాళీ పెట్టెలు. రద్దీ వేళ చార్జీ హెచ్చించి, రద్దీ లేని వేళ తగ్గించి, దూరమును బట్టి గూడ మార్చవలెనని విక్రీ సలహా నిచ్చిరి. ద్వారమువద్ద నాణెములు తీసికొను యంత్రము ఎట్లుండవలెనో కూడ వివరించిరి. నగరము ఆ సలహాను చేపట్టలేదు.

1959 లో అమెరికా కాంగ్రెసు సంఘమొకటి రాజధాని వాషింగ్టను నగరపు రాకపోకలను గూర్చి విచారణ జరిపెను. ఆ సంఘమునకు విక్రీ సమర్పించిన ప్రతిపాదన వినువారికి వింతగా తోచియుండును. ప్రతి కారునందును గుర్తింపు తెలుపు చిన్న యంత్రము నమర్చవలెను. రోడ్డు ప్రక్కనున్న యంత్రము దానిని చదివి ఏ బండి ఏ వేళ దాటినదో నమోదు చేయవలెను. టెలిఫోను బిల్లువలె నెల తిరుగగనే బిల్లు ఇంటికి పంపవలెను. బండి ఎక్కడను ఆగనక్కర లేదు. ఆ యంత్రము ఖరీదైనది కాదని చూపుటకు పిమ్మట తన యింటి కారుకే యొక చిన్న ప్రసార యంత్రము బిగించి పరీక్షించిరని చెప్పుదురు. ఈనాడు మన బండ్ల అద్దములకు అంటించుకొను ఫాస్టాగ్ ఈ యూహకు దగ్గర చుట్టము. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుండి జాతీయ రహదారుల టోలు నాకాలన్నిటను అది తప్పనిసరి యైనది. విక్రీ చెప్పిన నాటికిని దీనికిని మధ్య 62 సంవత్సరములు గడచినవి.

1969 లో ఆయన ఇంకొక మెట్టు ఎక్కిరి. ఇరుకు వంతెనవద్ద బండ్లు బారులు తీరినప్పుడు అందరును కాలము కోల్పోదురు. ఆ కోల్పోయిన కాలము ఎవరికిని దక్కదు. అదే నష్టమును వేళ వేళకు మారు సుంకముగా వసూలు చేసినచో బారు కరగును, ధనము ప్రజల బొక్కసమున చేరి మరల ప్రజలకే ఉపయోగపడును. ఇది ఆయన చూపిన లెక్క.

మొట్టమొదట ఇట్టి పద్ధతిని అమలు జరిపినది చిన్న దేశమైన సింగపూరు. 1975 జూన్‌లో, ఉదయపు వేళ నగరమధ్యమునకు వచ్చు కార్లకు దినమునకు 3 సింగపూరు డాలర్ల అనుమతి చీటీని విధించిరి. నలుగురు కూర్చుండి వచ్చు కారుకు చీటీ అక్కరలేకుండెను. ఆ వేళ లోపలికి వచ్చు బండ్లు 40 శాతమునకు పైగా తగ్గెను.

అమెరికాలో ఈ యూహకు చోటిచ్చినవి కార్‌పూల్ వరుసలు. మన యూరిలో సీటు లెక్కన ఎక్కించుకొను ఆటో మనకు తెలియును. అట్లే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కారులో పోవుటను అచ్చట కార్‌పూల్ అందురు. అట్టి కార్లకు, బస్సులకు రోడ్డులో ఒక వరుసను ప్రత్యేకింతురు. కొన్నిచోట్ల ప్రక్క వరుసలు కిటకిటలాడుచుండగా ఈ వరుస సగము ఖాళీగా పడియుండెడిది. ఆ ఖాళీని ఒంటరి కార్లకు వెల కట్టి యిచ్చిన నేమి? అట్లు ఇచ్చుటలో ఆ వరుస మాత్రము నిండిపోకుండ రద్దీని బట్టి వెల హెచ్చించుచు తగ్గించుచు పోవలెను. 1995 డిసెంబరు 27 వ తేదీన కాలిఫోర్నియాలోని 91 వ నంబరు రహదారి మధ్యభాగమున ఇట్టి వరుసలు తెరచిరి. సుంకము వేళను బట్టి 25 సెంట్లు మొదలు రెండున్నర డాలర్ల వరకు. ముగ్గురున్న కారుకు అప్పుడు సుంకము లేదు. శాండియాగో నగరము 1996 డిసెంబరులో 15 వ నంబరు రహదారిపై ఒంటరి కార్లకు నెలసరి పాసు లిచ్చి, 1998 నుండి ఆరు నిమిషముల కొకమారు సుంకము మార్చు పద్ధతిని పెట్టెను. ఆ రాబడిలో కొంత అదే దారిన నడచు బస్సులకు వినియోగించిరి.

ఇచ్చట మన మనస్సులలో లేచు శంకను దాచుకొనరాదు. ధనికుడు రూకలు పారవేసి ముందుకు దూసుకొని పోవును, బీదవాడు ప్రక్క వరుసలో పొగ పీల్చుచు నిలుచును, ఇదేనా న్యాయము? భోంగా మ్రోగు వేళకు మిల్లు గేటు చేరవలసిన దినములు మన పెద్దలకు మరపునకు రాలేదు. కూలివాడు తన వేళను తాను ఎంచుకొనలేడు. వర్జీనియా రాష్ట్రమున 66 వ నంబరు రహదారిపై 2017 డిసెంబరులో ఈ పద్ధతి మొదలైన దినములలోనే ఒంటరి కారు సుంకము 40 డాలర్లకు చేరెను. అచ్చట రద్దీ వేళ ఒంటరి కార్లకు అంతకుముందు ప్రవేశమే లేకుండెనన్నది నిజమే గాని, ఆ యంకె విన్న సామాన్యుని గుండె ఝల్లుమనును.

ఈ శంకకు మేము విక్రీ జీవితములోనే సమాధానము వెదకితిమి. ఆయన ధనికుల పక్షపాతి కారు. శక్తి గలవారు హెచ్చుగా పన్ను చెల్లింపవలెనని యౌవనములోనే వాదించినవారు. 1992 లో అమెరికా అర్థశాస్త్ర సంఘమునకు అధ్యక్షులైనప్పుడు రోడ్లను గూర్చి గాక, పని లేనివారికి పని కల్పించుటను గూర్చి ప్రసంగించిరి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడుట కన్నులార చూచిన షోలాపూరు వారికి ఆ విషయపు విలువ చెప్పనక్కర లేదు. ఆయన కన్నుతో చూచినచో, రోడ్డు ఇప్పుడు ఉచితము కాదు. రెండు మూడు కార్లు పట్టు చోటులో ఒక బస్సు నలుబదిమందిని మోయును. ఆ బస్సు ఒంటరి కార్ల నడుమ చిక్కి నిలిచినప్పుడు వెల చెల్లించుచున్నవారు ఆ నలుబదిమందియే. వారు రూపాయలకు బదులు గంటలు చెల్లించుచున్నారు. దినకూలికి గంట యనగా కూడు.

కావున ఈ పద్ధతి న్యాయమగుట కొన్ని షరతులపై ఆధారపడియున్నదని మా యభిప్రాయము. కలిసి పోవువారికి, బస్సుకు వెల తక్కువగా నుండవలెను, లేదా ఉండనే రాదు. వసూలైన ధనము ఆ దారిన పోవు సామాన్యుని బస్సునకు చేరవలెను. వెల చెల్లింపలేనివారికి వేరొక దారి ఉండవలెను. ఇవి లేనిచో అది పేరు మారిన జకాతు నాకా మాత్రమే.

మన దేశమున జాతీయ రహదారుల సుంకము బండి రకమును, దూరమును బట్టి యున్నది గాని గడియారమును బట్టి లేదు. పుణే నుండి షోలాపూరు, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నము చేరు 65 వ నంబరు బాటపై అర్ధరాత్రి పోయినను, పండుగ ముందునాటి సాయంకాలము పోయినను ఒకటే వెల. అయితే వేళను బట్టి వెల యనునది మన మరమగ్గముల వారికి క్రొత్త కాదు. 10 కిలోవాట్లకు మించి విద్యుత్తు వాడు పరిశ్రమలకు, వ్యాపారములకు 2024 ఏప్రిల్ 1 లోపల వేళను బట్టి ధర పెట్టవలెనని కేంద్ర ప్రభుత్వము 2023 లో నియమము చేసినది. కరెంటుకు వచ్చిన ఆలోచన ఒకనాడు రోడ్డుకును రావచ్చును. వచ్చిననాడు పైన చెప్పిన షరతులను అడిగి నెరవేర్చుకొనుట మన పని.

1996 అక్టోబరు 8 వ తేదీన స్వీడను విజ్ఞాన పరిషత్తు ఆ సంవత్సరపు అర్థశాస్త్ర నోబెలు బహుమానమును విక్రీకిని, ఆంగ్ల విశ్వవిద్యాలయ ఆచార్యులు జేమ్స్ మిర్లీస్‌కును కలిపి ప్రకటించెను. వేలము పాటలను గూర్చి 1961 లో విక్రీ వ్రాసిన వ్యాసము ఆ గౌరవమునకు ముఖ్య కారణములలో నొకటి. అప్పటికి ఆయనకు 82 ఏండ్లు. మూడు దినములకు, అక్టోబరు 11 న, రాత్రివేళ ఒక సదస్సునకు తానే కారు నడుపుకొనుచు పోవుచు, న్యూయార్కు సమీపమున రోడ్డు మీదనే గుండె ఆగి మరణించిరి. రాజపూజ్యము మూడు దినములు, అవమానము నాలుగు దశాబ్దములు. ఆయన పంచాంగమట్లు వ్రాయబడెను.

ఆయన పోయిన పిమ్మట లండను 2003 లో, స్టాక్‌హోము 2006 నాటి పరీక్ష అనంతరము 2007 లో స్థిరముగా, రద్దీ సుంకమును పెట్టినవి. ఆయన నలుబదియేండ్లకు పైగా పనిచేసి చెప్పి చెప్పి అలసిన న్యూయార్కు 2025 జనవరి 5 వ తేదీన 9 డాలర్ల సుంకముతో ఆ దారి పట్టెను.

మన పిల్లలలో ఎందరో ఈనాడు ఆ దేశపు రహదారులపై కార్లు నడుపుచున్నారు. ప్రక్కన ఒకరిని కూర్చుండబెట్టుకొని కార్‌పూల్ వరుసలో పోవునప్పుడు ఈ పెద్దమనిషిని ఒక్క మారు తలచుకొందురు గాక. మనము ఈ పండుగకు ఊరికి పోవునప్పుడు, ఖాళీ సీటున్నచో వాకిట నిలిచి పొరుగింటివారిని పిలుతము. సుంకము లేకుండ రద్దీని తగ్గించు ఉపాయములలో అదొకటి. పాఠకులకు, వారి కుటుంబములకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.