పాడి స్త్రీల ఆప్తుడు త్రిభువన్‌దాస్ పటేలు

గుజరాతు దేశమందు ఖేడా మండలము పాడికి పేరుపొందినది. ఆనాడు ఆ మండలములో నుండిన ఆనందు పట్టణమున 1903 అక్టోబరు 22వ తేదీన త్రిభువన్‌దాస్ పటేలు కర్షక కుటుంబమున జన్మించెను. గాంధీమహాత్ముని పిలుపు విని, ఉప్పు సత్యాగ్రహ కాలమున, 1930లో, చెరసాల కేగెను.

ఆనాడు పల్లెయింటి గేదె పేరునకు పురుషునిది. గడ్డి కోసి తెచ్చుట, కుడితి పెట్టుట, పేడ యెత్తుట, పాలు పిదుకుట స్త్రీల వంతు. పాల వెల మాత్రము దళారి చెప్పినంతయే. ధాన్యమైనచో గాదెలో పోసి మంచి ధరకై వేచియుండవచ్చును. పాలు పూట గడచిన విరిగిపోవును. దళారి బలమంతయు అందే యున్నది. 1945లో బొంబాయి ప్రభుత్వము నగరమునకు పాలు తెప్పించు పథకము నారంభించి, ఖేడా పాలను సేకరించు పనిని పోల్సన్ సంస్థ కప్పగించెను. లాభము పాడివారికి చేరలేదు.

రైతులు సర్దారు వల్లభభాయి పటేలును ఆశ్రయించిరి. సహకార సంఘముగా నేర్పడి తమ పాలను తామే యమ్ముకొనుడని యాయన హితవు చెప్పెను. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామమున మొరార్జీ దేశాయి సమక్షమున సభ జరిగెను. ప్రభుత్వము సమ్మతింపకున్నందున రైతులు పాలు పోయుట మానిరి. పదునైదు దినములు సమ్మె సాగెను. ఈ మాట వ్రాయుట సులభము. పాలపైసలే దిక్కైన యింట పొయ్యి యెట్లు రగిలెనో ఆ యిల్లాండ్రకే యెరుక. తుదకు ప్రభుత్వము దిగివచ్చెను. 1946 డిసెంబరు 14న సంఘము నమోదయ్యెను. త్రిభువన్‌దాసు అధ్యక్షుడయ్యెను.

1948లో రెండు గ్రామముల సంఘములతో, దినమునకు సుమారు 250 లీటర్లతో, పాలు పంపుట మొదలయ్యెను. మరుసటి యేట ఆనందునకు వచ్చిన వర్గీసు కురియనను యువకుని త్రిభువన్‌దాసు తనతో నిలుపుకొనెను. యంత్రముల విద్య కురియనుది. పల్లెవారి నమ్మకము త్రిభువన్‌దాసుది. 1955లో పాలపొడి కర్మాగారము వెలసినపిదప చలికాలపు మిగులు పాలకును వెల దొరకెను.

సంఘపు పద్ధతి మిక్కిలి సరళము. ఉదయము, సాయంకాలము పాలు కొలుతురు. వెన్నశాతము పరీక్షించి పుస్తకమున వ్రాయుదురు. ఆనాడు ఉదయపు పాలకు సాయంకాలము, సాయంకాలపు పాలకు మరునాటి ఉదయము రొక్క మిచ్చెడివారు. సెంటు భూమి లేని కూలి యింటిదియు ఒక గేదెతో వరుసలో నిలువవచ్చును. పంట పైకము ఏటి కొకటి రెండు మారులు వచ్చి, అప్పులవానికే పోవును. పాలపైకము పూటపూటకు చిల్లరగా చేతిలో పడుటచే ఉప్పునకు, పప్పునకు, పిల్లల పలకలకు అక్కరవచ్చెను. లెక్కలు తెలిసినవారు ఈ భేదమును గుర్తింపగలరు.

ఒక లోపమును దాచుట తగదు. చాకిరి స్త్రీలదైనను సభ్యత్వము పెక్కుచోట్ల పురుషుల పేరనే యుండెను; పాలకవర్గములందు స్త్రీలు బహు స్వల్పము.

1963లో మెగసేసే పురస్కారము, 1964లో పద్మభూషణము ఆయనను వరించెను. 1970 తరువాత కొలది యేండ్లకు ఆయన తనంత తానుగా అధ్యక్షపదవిని వీడినప్పుడు, సంఘముల సభ్యులు రూపాయి రూపాయి కూర్చి నిధి సమర్పించిరి. అం దొక పైసయైనను ఆయన తన యింటికి కొనిపోలేదు. ఆ ధనముతోనే తల్లుల, శిశువుల ఆరోగ్యమునకై 1975లో త్రిభువన్‌దాస్ ఫౌండేషను ఏర్పడెను. పాలు పోసిన యిండ్లకే ఆ రూపాయలు మందులై, మంత్రసానుల శిక్షణయై తిరిగి చేరెను. ఆయన 1994 జూను 3న పరమపదించెను.